పైకి చెప్పిన కొలత

కురుపాం మార్కెట్ వెనక సందులో కరీం బాషా టైలరింగ్ షాపు ఉంది. బోర్డు మీద పేరు సగం రాలిపోయింది గానీ, వన్‌టౌన్‌లో పొట్ట ఉన్న మగవాళ్ళకి ఆ షాపు కోసం బోర్డు చూసే అవసరం లేదు. అంతమంది అక్కడికే రావడానికి కారణం ఆయన కుట్టు కాదు. కుట్టు బాగానే ఉంటుంది, కాదనను. అలాంటి కుట్టు పూర్ణా మార్కెట్ దగ్గరా దొరుకుతుంది. కారణం ఆయన నోరు.

టేపు నడుం చుట్టూ తిప్పి, రెండు కొసలూ బొటనవేలి కింద నొక్కిపట్టి, కరీం బాషా పైకి చెప్పే అంకె ఒకటి, సుద్దముక్కతో గుడ్డ మీద వేసుకునే అంకె మరొకటి. నలభై ఉన్నవాడికి "ముప్ఫై ఆరు" అని షాపంతా వినబడేలా చెప్తాడు. గుడ్డ మాత్రం నలభైకే కోస్తాడు. ప్యాంటు చక్కగా సరిపోతుంది, మనిషి సంబరపడుతూ ఇంటికి పోతాడు. ఈ విద్య ఆయనకి వాళ్ళ నాన్న నేర్పాడు. గిరాకీ మన దగ్గరికి వచ్చేది ఒళ్ళు కప్పుకోవడానికి గానీ, బెంచీ మీద కూర్చున్నవాళ్ళ ముందు చాటింపు వేయించుకోవడానికి కాదు అనేవాడు ఆ పెద్దాయన. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు కదా, యాభై దాటిన కరీం బాషాకి ఆ సందులో పడనివాడంటూ లేడు.

అందరికంటే దగ్గరివాడు అప్పలసూరి. ఎస్.కోట వైపు పల్లె నుంచి కుర్రతనంలో వచ్చి పోర్టులో కళాసీగా చేరాడు. ఓడల మీంచి బస్తాలు దింపినన్నాళ్ళూ మనిషి చువ్వలా ఉండేవాడు. మేస్త్రీ అయ్యాక మోయడం తగ్గింది, తినడం తగ్గలేదు. సందు చివర ఇల్లు. వీళ్ళిద్దరూ ఒకరినొకరు బావ అనుకుంటారు కాబట్టి అతని భార్య జోగమ్మకి కరీం బాషా అన్నయ్య అయ్యాడు. వరసలు ఊరికే నోటితో కలుపుకున్నవే అయినా, రంజాన్ నాడు కరీం బాషా భార్య మదీనా బీ చేసే షీర్‌ఖుర్మా మొదటి గిన్నె వాళ్ళింటికే వెళ్తుంది.

కిందటేడు ఎండలు ముదరకముందు ధనశ్రీ అనే అమ్మాయి ఆ సందులోకి వచ్చింది. రోజూ పెందుర్తి నుంచి బస్సెక్కి వచ్చేది. ఊళ్ళో ఎంతమందికి పొట్టలు పెరుగుతున్నాయి, దానివల్ల గుండెకీ కిడ్నీలకీ ఎంత ముప్పు వస్తోంది అని పెద్ద డాక్టర్లు కొందరు కలిసి లెక్క తీస్తున్నారట, వాళ్ళ తరఫున ఇల్లిల్లూ తిరిగే పని ఆమెది. మగవాళ్ళలో నడుం కొలత ముప్ఫై అయిదున్నర అంగుళాలు దాటినవాళ్ళని క్యాంపుకి పిలిచి రక్తం, మూత్రం పరీక్ష చేస్తారు. కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు, మనిషి బాగానే తిరుగుతుంటాడు, మూత్రం పరీక్షలోనే అది ముందు బయటపడుతుంది అని ఆమె షాపు ముందు నిలబడి అందరికీ ఓపిగ్గా చెప్పింది. కరీం బాషా మిషను తొక్కుతూనే ఆ మాట విన్నాడు. వినలేదని ఆయన కూడా ఎప్పుడూ అనలేదు.

ఆడవాళ్ళు ఇళ్ళలోపల చక్కగా కొలిపించుకున్నారు. పేచీ అంతా మగమహారాజులతోనే. కూతురు వయసు పిల్ల టేపు పట్టుకుని చొక్కా ఎత్తమనేసరికి ఒకడికి అర్జంటు పని గుర్తొచ్చింది, ఇంకొకడికి మోగని ఫోను మోగింది. మధ్యాహ్నానికి ఆ అమ్మాయి మొహం ఏడుపు మొహమైపోయింది. కరీం బాషాకి జాలేసింది. "నువ్వు రాసుకో తల్లీ, కొలిసేది నాను కొలుత్తాను" అన్నాడు. టేపు ఇంకొకళ్ళ చేతికి ఇవ్వకూడదని ఆమెకి శిక్షణలో చెప్పే ఉంటారు. కానీ ఊళ్ళో ఇంతకాలంగా కొలతలు తీస్తున్న మనిషి కంటే బాగా ఎవరు కొలుస్తారు? ఇచ్చేసింది.

మొదట నిలబడ్డది ఆయన సొంత తమ్ముడు ఫారూఖ్, ఆటో నడుపుతాడు. టేపు మీద ముప్ఫై ఎనిమిది కనబడుతోంది. నోట్లోంచి ముప్ఫై నాలుగు వచ్చింది. కావాలని అన్నాడా అంటే, లేదు. ఏళ్ళ తరబడి ఒకే దారిన నడిచిన నోరది. ధనశ్రీ రాసుకోవడం చూశాక మాత్రం ఆయనకి పొరపాటు తెలిసింది. ఒక్క మాటతో దిద్దుకోవచ్చు. కానీ తమ్ముడి మొహం వెలిగిపోతోంది, అంతదాకా వెనక్కి వెనక్కి జరిగినవాళ్ళు ధైర్యంగా ముందుకొస్తున్నారు. సర్వేలవాళ్ళు వస్తారు, రాసుకుంటారు, పోతారు, ఏ సర్వే వల్ల ఈ సందులో ఎవడికి ఏం ఒరిగింది గనక అనుకున్నాడు. ఆ తర్వాత చెప్పినవన్నీ తెలిసి చెప్పినవే.

షిఫ్టు దిగి అప్పలసూరి తన గేంగు కుర్రాళ్ళతో అటే వచ్చాడు. అతని నడుం ముప్ఫై తొమ్మిది. కరీం బాషా "ముప్ఫై అయిదు" అని గొంతెత్తి చెప్పాడు. కుర్రాళ్ళు ఈలలు వేశారు. అప్పలసూరి పొట్ట కదిలిపోయేలా నవ్వి, అందరికీ టీ చెప్పాడు.

కొన్నాళ్ళకి ధనశ్రీ ఆ దారిన పోతూ షాపు దగ్గర ఆగింది. ఊరు మొత్తం మీద మీ సందు మగవాళ్ళే సన్నగా ఉన్నారు, మీరంతా ఏం తింటారో కనుక్కోమని మా సార్లు అడుగుతున్నారు అని చెప్పింది. కరీం బాషా కడుపుబ్బ నవ్వి, వచ్చిన ప్రతి గిరాకీకీ ఆ కబురు చెప్పి నవ్వించాడు. ఇప్పుడది గుర్తొస్తే ఆయనకి సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

ఈ ఏడు వానల్లో అప్పలసూరి కాళ్ళు వాచాయి. బూట్లు పట్టేవి కావు, పొద్దున్న లేచేసరికి మొహం ఉబ్బి ఉండేది. నీరు పట్టింది, ఉప్పు తగ్గించు బావ అని కరీం బాషా వైద్యం కూడా చెప్పాడు. ఒకరోజు పోర్టులో పని చేయిస్తూ చేయిస్తూనే అప్పలసూరికి ఊపిరాడక కూలబడిపోతే, గేంగువాళ్ళు పెద్దాసుపత్రికి మోసుకెళ్ళారు. రెండు కిడ్నీలూ చాలావరకు పోయాయన్నారు. ఇక వారం వారం డయాలసిస్ మీదే బతకాలన్నారు.

ఇంతకుముందు ఎప్పుడైనా మూత్రం పరీక్ష చేయించారా అని అక్కడి డాక్టరమ్మ అడిగింది. జోగమ్మ చెప్పిన జవాబు కరీం బాషా ఫ్లాస్కు పట్టుకుని పక్కనే నిలబడి విన్నాడు.

"మా ఈదిలో సర్వే సేసినారమ్మా. ఒల్లున్నోల్లని పరీచ్చకి పిలుత్తామన్నారు. మాయన్ని పిలవనేదు. బాగున్నాడనే గదా పిలవనేదు."

ఏడాది కిందట తెలిసి ఉంటే మందులతో, పథ్యంతో ఇంకొన్నేళ్ళు నెట్టుకురావడానికి వీలుండేది అని డాక్టరమ్మ ఎవర్నీ తప్పుపట్టకుండా మామూలుగానే చెప్పింది. కరీం బాషాకి తల కొట్టేసినట్టయింది. ఫ్లాస్కు కింద పెట్టి బయటికొచ్చాడు. ఎవరైనా తనని చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు. ఎవరూ చూడటం లేదు. అదీ ఆయనకి అవమానంగానే తోచింది.

అక్కణ్ణించి తేలు కుట్టిన దొంగలా అయ్యాడు. డయాలసిస్ ఉన్న ప్రతిరోజూ షాపు మూసేసి, ఫారూఖ్ ఆటోలో అప్పలసూరిని ఆస్పత్రికి తీసుకెళ్ళడం, అక్కడ డయాలసిస్ మిషను పక్కన కూర్చోవడం, మందులకి పరిగెత్తడం, అన్నీ ఆయనే. సొంత అన్న కూడా ఇంత చెయ్యడని జోగమ్మ కనబడినవాళ్ళందరికీ చెప్పేది. ఆమె అలా చెప్పినప్పుడల్లా ఆయన ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయేవాడు. షాపులో కొలతలు తీసేటప్పుడు అంకెలు పైకి చెప్పడం మానేశాడు. గొంతు బాగోలేదా మాస్టారూ అని అడిగితే తలూపేవాడు.

చెప్పేద్దామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. చెప్తే పాపం ఆ ధనశ్రీ ఉద్యోగం ఊడుతుందనుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు చెప్పి మాత్రం ఏం లాభం అనుకున్నాడు. రెండూ సాకులే, ఆయనకీ తెలుసు. అసలు భయం వేరే. మర్నాటి నుంచి అప్పలసూరి తనని బావ అనడేమో, జోగమ్మ మొహం తిప్పుకుంటుందేమో. అందరిచేతా మంచివాడనిపించుకుని బతికిన మనిషికి అంతకంటే పెద్ద శిక్ష లేదు.

ఆఖరికి భార్యకి చెప్పాడు. మదీనా బీ కోప్పడుతుందనుకున్నాడు, కోప్పడితే కొంత బరువు దిగుతుందనుకున్నాడు. ఆమె కోప్పడలేదు. నువ్వు వారం వారం ఆస్పత్రికి వెళ్తున్నది ఆయన కోసమా, నీ కోసమా అని మాత్రం అడిగి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శుక్రవారం నమాజు అయ్యాక కరీం బాషా తిన్నగా సందు చివరికి నడిచాడు. అప్పలసూరి మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. ఆ భారీ మనిషి వదులైపోయాడు, చొక్కా భుజాల మీంచి జారుతోంది. నీళ్ళు ఎక్కువ తాగకూడదన్నారని జోగమ్మ చిన్న గ్లాసుతో కొద్దికొద్దిగా ఇస్తోంది. కరీం బాషాకి టీ తెచ్చి పెట్టింది. దాహంతో ఉన్నవాడి ముందు తాగబుద్ధి కాక ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. నేల చూస్తూ అన్నాడు.

"బావ, ఆ సర్వే నాడు నీ నడుం ముప్ఫై తొమ్మిది. నాను ముప్ఫై అయిదని సెప్పినాను. నిజం సెప్పుంటే ఆల్లు నిన్ను పిలుద్దురు."

అప్పలసూరి నెమ్మదిగా అందుకున్నాడు.

"నా పొట్ట నాకు తెల్దేటి బావ? గేంగు కుర్రోల్లంతా సూత్తన్నారు. నువ్వు తగ్గించి సెప్పినావు గదాని నాను కుశీ అయిపోనాను. నువ్వొక్కడివే సేసినావేటి?"

ఇన్నాళ్ళూ గుండెల మీదున్న బండ కదిలినట్టయింది కరీం బాషాకి. కళ్ళు తుడుచుకుంటూ స్నేహితుడి చెయ్యి పట్టుకున్నాడు. అతను కూడా ఆ చేతిని వదల్లేదు. ఇద్దరు మగవాళ్ళు అలా ఒకళ్ళనొకళ్ళు క్షమించేసుకుంటున్నారు. గ్లాసు పట్టుకుని నిలబడ్డ జోగమ్మ సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

"అయితే మీ ఇద్దరికీ తెలుసు" అంది ఆమె. గొంతు పెంచలేదు. "నాకొక్కదానికే తెల్దు. ఆల్లు పిలవనేదు, మాయనకి ఏటీ నేదని, నాను ఎల్లి నూకాలమ్మకి కొబ్బరికాయ కొట్టొచ్చినాను అన్నయ్యా."

కరీం బాషా చెయ్యి అప్పలసూరి చేతిలోంచి దానంతటదే జారింది. క్షమాపణ అడగాల్సింది ఎవర్నో ఇన్నాళ్ళూ ఆయనకి తట్టనే లేదు. ఈ ఇంట్లో భయపడవలసిన మనిషి భయపడకుండా, పరిగెత్తవలసిన మనిషి పరిగెత్తకుండా చేసింది తను. తలెత్తి ఆమెని చూడలేకపోయాడు. తిట్టమ్మా అందామనుకున్నాడు. కానీ ఆమెకి తిట్టే ఉద్దేశం ఉన్నట్టు లేదు, ఇంకేదో ఆలోచిస్తోంది.

"ఇంకెవుల్లకి సెప్పినావలగ?" అని అడిగింది.

"అందరికీ" అన్నాడాయన.

"నీ తమ్ముడికి?"

"ఆడికీ. ముందు ఆడికే సెప్పినాను."

అన్నాక గానీ ఆ మాటకి అర్థం ఆయనకే తెలియలేదు. ఇన్ని వారాలుగా ఒక్క అప్పలసూరి కోసమే ఏడ్చాడు. ఆ సందులో మిగిలిన పొట్టలన్నీ అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే తిరుగుతున్నాయి, పరీక్ష లేకుండా, భయం లేకుండా. ఫారూఖ్ అయితే మరీను. ఇంకొకడి జబ్బుకి వారం వారం ఆటో కడుతూ, తనకేం లేదనే ధీమాతో ఆస్పత్రి గేటు బయటే కూర్చుంటున్నాడు.

జోగమ్మ ఆయన ముందున్న టీ గ్లాసు తీసేసింది.

"మరిక్కడ కూకున్నావేటి? లెగు."

టీ తాగి ఎల్లనీయే అని అప్పలసూరి ఏదో సర్దబోయాడు. ఆమె అతని వైపు తిరగలేదు. కరీం బాషా లేచి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండానే వీధిలో పడ్డాడు. ధనశ్రీకి ఫోను చెయ్యాలి, ఆమె ఏమన్నా పడాలి, సందులో ప్రతి గుమ్మం ఎక్కి చెప్పుకోవాలి. ముందు తమ్ముడు.

సందు మొదట్లో ఫారూఖ్ ఆటోలో కాళ్ళు చాపుకుని ఫోను చూసుకుంటున్నాడు. కరీం బాషా వెళ్ళి ఎదురుగా నిలబడి, మూత్రం పరీక్షకి ఆస్పత్రికి పోదాం పదరా అన్నాడు. ఎవరికి భయ్యా అని అడిగాడు ఫారూఖ్. నీకే అన్నాడు.

ఫారూఖ్ నవ్వేశాడు. "నాకేటయింది భయ్యా? సర్వేలో ముప్ఫై నాలుగని నువ్వే సెప్పినావు గదా."