కుడిచేత్తో ఇచ్చిన రోజు

మా అబ్బాయి సుహాస్‌కి ఏదో తేడాగా ఉందని నాకు తెలియాల్సిన రోజు దసరా పండగ. తెలియకపోగా, ఆ రోజు నేను తెగ మురిసిపోయాను. అందుకే అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

వాడు పుట్టుకతోనే ఎడమచేతి వాటం. మాది తెనాలి. మా ఇళ్లల్లో ఎడమచేత్తో ఇస్తే తీసుకోరు. వాడు చిన్నప్పుడు అన్నం తింటుంటే ఆ ఎడమచేతిని నా చున్నీ చివర ముడేసి కూర్చునేదాన్ని. అలా తిండి మాత్రం కుడిచేతికి మారింది. మిగతావేవీ మారలేదు. తాళంచెవి ఇచ్చినా, ప్రసాదం గిన్నె ఇచ్చినా ఎడమచెయ్యే ముందుకొచ్చేది. "ఎడమచేత్తోనా?" అని నేను, "సారీ అమ్మా" అని వాడు. ఇరవై ఏళ్లు ఇదే వరస.

విచిత్రం ఏమిటంటే, ఇంట్లో నేను తిట్టిన చెయ్యే బయట వాడికి అన్నం పెట్టింది. సుహాస్ బేస్‌బాల్‌లో పిచ్చర్. క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు అనుకోండి. ఎడమచేత్తో విసిరేవాళ్లు తక్కువ కాబట్టి గిరాకీ ఎక్కువ. ఒక పెద్ద క్లబ్ వాణ్ణి తీసుకుని, తన చిన్న జట్లలో రెండేళ్లు ఆడించింది. ఆ జీతం షూస్‌కీ తిండికీ సరిపోయేది. ఆ దసరా వచ్చిన ఏడాది మాత్రం నాలుగేళ్ల కాంట్రాక్ట్ ఇస్తామన్నారు. మధ్యలో దెబ్బ తగిలినా జీతం ఆగదని గ్యారంటీ కూడా ఇస్తామన్నారు.

సరే, దసరా రోజు. కెనడాలో టొరంటో పక్కనే ఉన్న వాన్ అనే ఊళ్లో, మా అద్దె ఇంట్లో పూజ చేస్తూ, హారతి పళ్లెం అందివ్వరా అన్నాను. కుడిచేత్తో ఇచ్చాడు. నేను ఏమీ అనకముందే! పేరంటానికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాను, మావాడికి ఇప్పటికి బుద్ధి వచ్చిందని. వాడు నవ్వి ఊరుకున్నాడు.

రెండు వారాలయ్యాక షాంపూ సీసా కోసం బాత్‌రూమ్ తలుపు కొట్టి తీశాను. వాడు సింక్ మీదకి వంగి తల ఒంటిచేత్తో రుద్దుకుంటున్నాడు, కుడిచేత్తో. ఎడమ మోచెయ్యి సగం మడిచి పొట్టకి ఆనించుకున్నాడు. ఏమైందిరా అంటే, "నథింగ్ అమ్మా. కొంచెం టైట్‌గా ఉంది. దట్స్ ఇట్" అన్నాడు. పట్టేసిందన్నమాట. మన ఇళ్లల్లో పట్టేసింది అంటే రోగం కాదు. పెనం మీద ఉప్పు వేయించి, మూటగట్టి కాపడం పెట్టాను. నువ్వుల నూనె రాశాను. వారంలో చెయ్యి చాపగలిగాడు, పూర్తిగా కాకపోయినా.

నవంబర్లో క్లబ్ వాళ్ల మెడికల్ ఫారం వచ్చింది. అందులో ఒక ప్రశ్న: గడిచిన ఏడాదిలో బంతి విసిరే చేతికి నొప్పి గానీ, బిగుసుకుపోవడం గానీ, కదలిక తగ్గడం గానీ ఉందా? లాప్‌టాప్ వంటింట్లోకి తెచ్చి అడిగాడు.

"అమ్మా, వాట్ డూ ఐ పుట్?"

మా ఆయన రోజుల తరబడి దూరాలు వెళ్లే లాంగ్ హాల్ ట్రక్ నడుపుతారు. అప్పుడు థండర్ బే దగ్గరెక్కడో ఉన్నారు. స్పీకర్‌లో విని, "ఉన్నది ఉన్నట్టు రాసెయ్యరా. దాని గురించి అడగడం కూడా దేనికి?" అన్నారు.

నాకు కోపం వచ్చింది. "కాపడంతో పోయిన నొప్పికి కాగితం ఎందుకండీ? ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా? చేతికొచ్చిన దానికి మనమే పిలిచి దిష్టి పెట్టించుకున్నట్టు ఉంటుంది" అన్నాను. తర్వాత వాడితో, "నో అని పెట్టు నాన్నా" అన్నాను.

వాడు నో అని పెట్టాడు. క్లబ్ డాక్టర్లు ఎమ్మారై తీశారు. "కొంచెం వేర్, అంటే అరుగుదల, ఉంది, పిచ్చర్లలో మామూలే" అన్నారట. సంతకాలు అయిపోయాయి. ఆ నాలుగేళ్లను నమ్ముకుని మేం ఒక టౌన్‌హౌస్‌కి డిపాజిట్ కట్టేశాం. నేను వేర్‌హౌస్‌లో ఓవర్‌టైమ్ మానేశాను. కాలు మీద కాలు వేసుకుని కూర్చునే రోజులొచ్చాయనుకున్నాను.

ఫిబ్రవరిలో, వాడు ఇండోర్ కేజ్‌లో, అంటే వలలు కట్టిన హాల్లో, ప్రాక్టీస్ చేస్తుంటే నేను బయట కారులో ఉన్నాను. మంచు పడుతోంది. వాడు కోటు వేసుకోకుండా బయటికొచ్చాడు. ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని ఉన్నాడు. కారు తలుపు నేనే తీయాల్సి వచ్చింది.

"సమ్‌థింగ్ పాప్డ్, అమ్మా" అన్నాడు. మోచేతి లోపల ఏదో టప్పుమందట.

ఈసారి ఎమ్మారైలో స్పష్టంగా కనిపించింది. యూసీఎల్ అనే లిగమెంట్, మోచేతి లోపలి వైపు ఎముకల్ని కలిపి పట్టి ఉంచే నార లాంటిది, పూర్తిగా తెగిపోయింది. కంప్లీట్ టేర్. క్లబ్ ఒప్పుకోవడంతో టొరంటోలోనే ఆపరేషన్ ఏర్పాటైంది. సర్జన్ ఒక నడివయసు ఆవిడ, నిదానంగా మాట్లాడుతుంది. వాడి బొటనవేలినీ చిటికెనవేలినీ కలిపి, మణికట్టు వంచమంది. కుడి మణికట్టు మధ్యలో నరంలాంటిది ఒకటి పైకి లేచింది. ఎడమచేతికి లేవలేదు.

"తెగిన లిగమెంట్ స్థానంలో, ఇలా పైకి లేచిన ఈ టెండన్ వేస్తాం. ఇది లేకపోయినా చేతికి నష్టం లేదు. కొందరికి పుట్టుకతోనే ఉండదు. ఇతనికి కుడివైపు మాత్రమే ఉంది, అక్కణ్ణుంచే తీస్తాను" అంది.

తర్వాత హిస్టరీ అడిగింది. "నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"ఫ్యూ వీక్స్" అన్నాడు సుహాస్, నేలకేసి చూస్తూ.

వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాచకూడదని మా నాన్న ఎప్పుడూ అనేవారు. నేను అడ్డం వెళ్లాను. "నో డాక్టర్, అక్టోబర్ నుంచి. మా పండగ రోజు నుంచి నాకు ఏదిచ్చినా కుడిచేత్తోనే ఇస్తున్నాడు. అంతకుముందు ఎప్పుడూ అలా ఇవ్వలేదు." నోటితో అంటుంటేనే నాకు అర్థమైంది. నేను బుద్ధి అనుకున్నది నొప్పి. పాపం ఆ బిడ్డ పళ్లెం ఎత్తలేక చెయ్యి మార్చాడు. నేను దాన్ని పేరంటంలో చాటింపు వేసుకున్నాను.

ఆవిడ టైప్ చేస్తూ, "దట్స్ వెరీ హెల్ప్‌ఫుల్" అంది. నా మాట రికార్డులోకి ఎక్కుతోందని నాకు కాస్త గొప్పగా కూడా అనిపించింది. ఆ రికార్డు క్లబ్‌కి వెళ్లేలా వాడు ముందే సంతకం పెట్టాడని నాకు తెలియదు.

ఆపరేషన్ బాగా జరిగింది. రెండు చేతులకీ కట్లతో వాడు పడుకుని ఉంటే, మా ఆయన నా చెవిలో, "చివరికి ఎడమచేతికి కుడిచెయ్యే ఇచ్చింది రమా. నీ పంతం నెగ్గింది" అన్నారు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఎడమ మోచేతికి హింజ్డ్ బ్రేస్, అంటే కీలున్న పట్టీ, వేశారు. వారానికి ఇన్ని డిగ్రీలని చెయ్యి కొద్దికొద్దిగా తెరవాలి. స్నానానికి ప్లాస్టిక్ తొడుగు, గోళ్లు నేనే తీయడం, చొక్కా గుండీలు నేనే పెట్టడం. కుడి మణికట్టు మానాక అన్నం మాత్రం తనే తినేవాడు. నా పెంపకం ఒక్కదానికైనా పనికొచ్చిందనుకున్నాను.

ఆపరేషనయిన నాలుగో వారం, వాడి ఏజెంట్ డెరిక్ ఫోన్ చేశాడు. సర్జన్ నోట్‌లో "అక్టోబర్ నుంచి లక్షణాలు, తల్లి చెప్పిన ప్రకారం" అని ఉంది. నవంబర్ ఫారంలో నో అని ఉంది. క్లబ్ వీడియో కాల్‌లో మాట్లాడాలంటోంది.

"ఆంటీ అంటారు కదా మీ వాళ్లు, ఆంటీ, వినండి" అన్నాడు డెరిక్. "నాలుగేళ్ల కాంట్రాక్ట్ అంటే, చెయ్యి పనిచేయకపోయినా నాలుగేళ్లు జీతమివ్వాల్సిన రిస్క్ వాళ్లది. అందుకే ముందు అడుగుతారు. మీ గ్యారంటీ అంతా ఆ ఒక్క ఫారం మీదే నిలబడింది."

"యెస్ అని రాసుంటే?" అన్నాను.

"తక్కువ డబ్బుకి, బహుశా రెండేళ్లకి ఇచ్చేవాళ్లు. కానీ ఆపరేషన్, రిహాబ్, అన్నీ వాళ్లమీదే ఉండేవి. వాళ్లకి తప్పించుకునే వీలుండేది కాదు."

వీడియో కాల్‌లో క్లబ్ తరఫున ఒకావిడ, నో అని ఎందుకు పెట్టావని మర్యాదగానే అడిగింది. "ఐ థాట్ ఇట్ వజ్ నథింగ్" అన్నాడు సుహాస్. నావైపు చూడలేదు. నేను ఆగలేకపోయాను. స్క్రీన్ ముందుకి వచ్చి, "పెట్టమంది నేను. వాడు అడిగాడు, నేను చెప్పాను" అన్నాను. ఆవిడ చెప్పినందుకు థాంక్స్ అంది. "కానీ సంతకం అతనిది. హీ ఈజ్ యాన్ అడల్ట్" అంది. తప్పు నాదని ఒప్పుకుంటే వాడికి ఏదో ఒరుగుతుందనుకున్నాను. ఏమీ ఒరగలేదు. గ్యారంటీ పోయింది. సీజన్ అయ్యాక వాణ్ణి వదిలేశారు. వాళ్ల లెక్క వాళ్లది, నేను తప్పు పట్టను.

ఆ కాల్ అయిన మర్నాడు ఫిజియోకి తీసుకెళ్తుంటే, కారులో వాడు ఒక్కసారే అడిగాడు. "నో పెట్టమంది నువ్వే. మళ్లీ యెస్ అని చెప్పింది కూడా నువ్వే. వై, అమ్మా? పిక్ వన్."

బయటివాళ్లకి చెప్పకూడదు, డాక్టర్‌కి దాచకూడదు. రెండూ మా ఇంట్లో నేర్పినవే. రెండూ ఒకే కాగితం మీద కలుస్తాయని ఎవరూ నేర్పలేదు.

నేను వేర్‌హౌస్‌లో షిఫ్ట్ లీడ్‌ని. పని మొదలయ్యే ముందు రోజూ సేఫ్టీ కార్డ్ చదివి వినిపించాలి. "ఎంత చిన్న దెబ్బ అయినా వెంటనే రిపోర్ట్ చేయండి" అన్నది అందులో మొదటి వాక్యం. ఏడేళ్లుగా చదువుతున్నాను. చెప్పేవి శ్రీరంగ నీతులు. ఆ రోజు ఆ వాక్యం దగ్గర కార్డు కిందికి దించేశాను. పక్కనున్నావిడ కార్డు తీసుకుని మిగతాది చదివింది.

అసలు కష్టం తర్వాత మొదలైంది. ఐదో నెలలో మెల్లగా బంతి విసరడం మొదలుపెట్టాడు. ఏడో నెలలో ఉంగరం వేలూ చిటికెన వేలూ తిమ్మిరెక్కడం మొదలైంది. ఒకరోజు కాఫీ కప్పు జారి పగిలింది. "కప్పు తడిగా ఉంది" అన్నాడు. ఈసారి నేను వినలేదు, ఆ రోజే అపాయింట్‌మెంట్‌కి ఫోన్ చేశాను. ఈఎంజీ అనే నరాల పరీక్ష చేశారు. మోచేతి దగ్గర అల్నార్ నర్వ్ అనే నరం నొక్కుకుపోతోంది, రెండో ఆపరేషన్ కావాలన్నారు. ఇప్పుడు క్లబ్ లేదు. అందరితో పాటు ఓహిప్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య బీమా, వరసలో నెలల తరబడి ఎదురుచూశాం. ఆపరేషన్‌కి డబ్బు కట్టనక్కర్లేదు గానీ ఫిజియోకి మేమే కట్టాలి. టౌన్‌హౌస్ వదులుకున్నాం, డిపాజిట్ పోయింది. నేను ఓవర్‌టైమ్‌కి మళ్లీ వెళ్లాను. ఇల్లు పోయినందుకు నేను ఏడవలేదు. వాడు గ్లవ్ తీసుకెళ్లి గరాజ్‌లో అట్టపెట్టెలో పెట్టి టేప్ వేసిన రోజు ఏడ్చాను.

"వేగం తిరిగి వస్తుందా డాక్టర్?" అని అడిగాను సర్జన్‌ని.

"చెయ్యి తిరిగి వస్తుంది. వేగం గురించి నేను మాట ఇవ్వను" అంది.

మొదటి ఆపరేషన్ అయి రెండేళ్లు దాటింది. చెయ్యి వచ్చింది. వేగం ఇంకా రాలేదు. చలికాలంలో చిటికెన వేలు ఇప్పటికీ మొద్దుబారుతుంది. వాడు పగలు ఫిజియోథెరపీ అసిస్టెంట్ కోర్సు చదువుతున్నాడు, శనివారాలు పిల్లలకి కోచింగ్ ఇస్తున్నాడు. గరాజ్‌లో ఆ పెట్టెకున్న టేప్ ఎప్పుడు తీశాడో నాకు తెలియదు. ఆదివారాలు లోకల్ లీగ్‌లో ఆడుతున్నాడు. మా ఇద్దరి మధ్యా మాటలు మామూలుగానే ఉన్నాయి. కానీ ఒంట్లో ఎలా ఉందని అడిగితే మాత్రం, నాకు చెప్పేముందు ఒక క్షణం ఆగుతాడు. ఆ క్షణం నేను సంపాదించుకున్నదే.

ఇది చదివేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే. కాంట్రాక్ట్ కోసమైనా, ఉద్యోగం కోసమైనా, ఇన్సూరెన్స్ కోసమైనా ఫారం వస్తే, నొప్పి ఉంటే ఉందనే రాయండి. కాపడంతో తగ్గినా, ఏ తేదీన మొదలైందో, ఎలా తగ్గిందో రాయండి. తక్కువ ఇస్తారేమో, ఇవ్వనివ్వండి. ఇచ్చినంత నిలబడుతుంది. రాసేముందు మీ అమ్మని మాత్రం అడక్కండి.

ఈ వసంతంలో ఒక చిన్న క్లబ్ ట్రయల్స్‌కి పిలిచింది. ఒక్క సీజన్ కాంట్రాక్ట్, గ్యారంటీ ఏమీ లేదు. దానికీ ఫారం ఉంది. సుహాస్ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని నింపాడు. నేను వంటింట్లోనే ఉన్నాను, నన్నేమీ అడగలేదు. అక్టోబర్ అని రాశాడు, రెండు ఆపరేషన్లు రాశాడు, వేలి తిమ్మిరి రాశాడు. చోటు చాలక ఇంకో కాగితం జతచేశాడు. ఇంకా వాళ్ల దగ్గర్నుంచి కబురు లేదు, వస్తుందో రాదో తెలియదు.

ఆ రోజు ప్రింట్ తీసి, "చెక్ డేట్స్, అమ్మా" అంటూ నాకు అందించాడు. ఎడమచేత్తో. మోచెయ్యి దాదాపు నిటారుగా చాచి. అంతలో గుర్తొచ్చిందేమో, గబుక్కున కాగితాన్ని కుడిచేతిలోకి మార్చుకోబోయాడు.

"అలాగే ఇవ్వరా" అన్నాను.