ఏ సంబంధమూ లేదు

ఆయన నాకు ఏమీ కారు. అదే ఆయన అర్హత.

నర్సులం మేం ఏటా ఆన్‌లైన్‌లో రాయాల్సిన కోర్సు పరీక్ష జరిగినంతసేపూ ఎదురుగా ఒక పర్యవేక్షకుడు కూర్చోవాలి. ఆయన మనకు బంధువు కాకూడదు, స్నేహితుడు కాకూడదు, తోటి ఉద్యోగి అసలే కాకూడదు. జహీరాబాద్‌లో నాకు దొరికింది ఉర్దూ మీడియం బడిలో రిటైరైన హెడ్మాస్టరు గారు.

వీధిలో ఆడపిల్లలందరినీ "బేటీ" అని పిలిచే మనిషి, నన్ను మాత్రం "మేడం" అనేవారు. తన ఇంటి ముందుగదిలో నన్ను కూర్చోబెట్టి, చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టి, రెండు గంటలూ కదలకుండా చూసేవారు. చివర్లో ఫారంలో "అభ్యర్థితో సంబంధం" అన్నచోట "ఏమీ లేదు" అని రాసి సంతకం పెట్టేవారు.

మొదటిసారి ఫ్లాస్కులో చాయ్ తీసుకెళ్తే ముట్టలేదు.

"చాయ్ తాగితే దోస్తానా అయితది మేడం. మళ్ల గీ సంతకం ఎట్ల పెడత?"

ఇంత పట్టింపా అని నాకు కోపమొచ్చింది. ఆరేళ్లు అలాగే గడిచాయి. ఆ ఇంట్లో ఇంకో మనిషి అలికిడి ఎప్పుడూ వినలేదు.

ఈ ఏడాది నుంచి పర్యవేక్షకుడు అక్కర్లేదు, కంప్యూటర్‌కు కెమెరా ఉంటే చాలన్నారు. పరీక్ష మా ఇంట్లోనే రాసేశాను. ఆయనకు చెప్పడం మరిచిపోయాను. వారం తర్వాత ఆయనే ఫోన్ చేశారు.

"పరీక్ష ఎప్పుడు మేడం? గడియారంల కొత్త సెల్లు వేయించిన."

సంగతి చెప్పాను.

"అయితే ఇగ సంతకం లేదు," అన్నారు మెల్లగా. "ఇగ చాయ్ తాగొచ్చు. జర వస్తవా బేటీ? ఇంట్ల ఒక్కటే కప్పున్నది, వచ్చేటప్పుడు ఇంకోటి తెచ్చుకో."