మేక పొడిచిందంటే నమ్మరు

ఐదు రోజుల కిందట పాలు పిండుతుంటే మా మేక తల విసిరింది. కొమ్ము తగిలి నా కంటి కింద కమిలిపోయింది. మొదట నల్లగా ఉన్న మచ్చ ఇప్పుడు ఆకుపచ్చకు తిరిగి చెంప మీదికి దిగింది. మానేకొద్దీ ఇంకా బాగా కనబడుతోంది, అదీ నా ఖర్మ.

నేను పాఠాలు చెప్పే స్కూల్లో, మందుల దుకాణంలో, ఎక్కడికెళ్లినా అదే ప్రశ్న. మేక అని చెప్పగానే, పక్కన మా ఆయన ఉంటే అందరూ ఆయన వైపు చూస్తారు. పాపం ఆయన నాతో బజారుకు రావడమే మానేశాడు.

ఈ సాయంత్రం తర్లుపాడు నుంచి వస్తుంటే ఆటోలో పక్కన కూర్చున్న అవ్వ కూడా అడిగింది. ఇక ఓపిక లేక, "మేక పొడిచిందవ్వా. నిజంగా మేకే" అన్నాను.

ఆమె నా గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పి చూసింది.

"ఆకుపచ్చకొచ్చిందంటే మానుతున్నట్టేలే తల్లీ. ఇంక నాలుగు దినాలకు పసుపురంగు తిరిగి పోతాది."

"అంత కచ్చితంగా ఎట్ల చెప్తున్నావవ్వా?"

"నేనూ అందరికీ మేక పొడిచిందనే చెప్పేదాన్ని. మా ఇంట్లో మేకే లేదు."

నాది మాత్రం నిజంగా మేకేనని మళ్లీ చెప్పబోయి ఊరుకున్నాను. ఆమె తన ఊరి మలుపులో దిగి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక ఇంకొకటి గుర్తొచ్చింది. కిందటేడు మా స్కూల్లో వంట చేసే అక్క ముఖం ఇట్లాగే కమిలి ఉంటే, గుమ్మం తగిలిందని చెప్పింది. నేను వెంటనే నమ్మేశాను. మీరైతే ఏమడిగేవారు?