రికాబు బిగిసిన చెవి

నాకు చెవుడు వచ్చిందన్న వార్త ముందుగా తెచ్చింది రోజూ మా గుమ్మంలో మల్లెపూలు మూరవేసి ఇచ్చే పూలామె. దిల్‌సుఖ్‌నగర్‌లో సందుకో డాక్టరు బోర్డు ఉండగా దేవుడు ఈ పని ఆమెకే అప్పగించాడు. ఏం జరిగినా ఆయనకు దండం పెట్టుకోవడం నాకు అలవాటే గానీ, ఆ రోజు మాత్రం ముందు ఒళ్ళు మండింది.

శనివారం పొద్దున పూజకు కూర్చోబోతూ, పూలకు పళ్ళెం తెమ్మని మా కోడల్ని పిలిచాను. జవాబు లేదు. మళ్ళీ పిలిచాను. లేదు. మూడోసారీ పిలిచి, పూలామె వైపు తిరిగి, చూశావా, రెండేళ్ళుగా ఇదే వరస, అత్త పిలిస్తే నోరు విప్పదు అని నా పాత పాఠం అప్పజెప్పాను. ఆమె మూర వేస్తున్న చెయ్యి ఆపింది.

"ఆ పిల్ల మూడుసార్లు పలికింది గదమ్మా. 'ఒస్తున్న అత్తమ్మా' అన్నది. నీకే ఇనొస్తలేదు. జర దవాఖానల చూపించుకో."

నాకు వినపడదట. ముందురోజే కదా మెయిన్ రోడ్డు మీద, బస్సుల హారన్ల మధ్య ఆటో బేరమాడి వచ్చాను. ఆటో అతను నన్ను తిరిగి అన్న మాట కూడా పొల్లుపోకుండా విన్నాను. అలాంటి చెవులకు వంక పెట్టినందుకు ఆ రోజు రెండు మూరలకు బదులు ఒక్క మూరే తీసుకున్నాను. అంతకన్నా పెద్ద శిక్ష వేయడం నాకు చేతకాదు.

మాది కృష్ణా జిల్లా వైపు. కోడలిది నల్గొండ వైపు పల్లె. ఆమె మౌనానికి కారణం నేను చాలా తేలికగా కనిపెట్టాను: ఆ వైపు పద్ధతే అంత. సాక్ష్యం కూడా ఉంది. వంటింట్లో మిక్సీ తిరుగుతున్నప్పుడు ఆమె గొంతు ఖంగున మోగేది, మిక్సీ ఆగగానే మాయమయ్యేది. అంటే నోరుంది, నా ముందు విప్పదు. ఈ సంగతి పక్కింటి వాళ్ళకు చెప్పాను, మా అబ్బాయికి చెప్పాను, కర్మన్‌ఘాట్ హనుమంతుడి చుట్టూ తిరుగుతూ ఆయనకూ చెప్పాను. ఆ పిల్లకు నోరివ్వు స్వామీ అని మొక్కాను. పాపం ఆయన ఎన్నాళ్ళు ఓపిక పట్టాడో.

అబ్బాయి ఓపిక మాత్రం అయిపోయింది. ఎల్బీనగర్‌లో కిరాయి ఇల్లు చూసి వచ్చాడు. వచ్చే నెల మారతామన్నాడు. ఎందుకని నేను అడగలేదు. వాళ్ళు వెళ్ళిపోతారన్న దిగులుతో అన్నం సహించలేదు, కానీ తప్పు నాదేమోనన్న అనుమానం పొరపాటున కూడా రాలేదు.

ఇక మంగళవారాల సంగతి. వీధిలో ఆడవాళ్ళంతా మా హాల్లో చేరి పారాయణ చేస్తారు, నేను చదివిస్తాను. మా నాన్నగారు నన్ను బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పారు. చెవితో పట్టు, నోటితో అప్పజెప్పు అన్నదే ఆయన పద్ధతి. అందుకని నాకు పుస్తకం అక్కర్లేదు, కళ్ళు మూసుకుని చదివేస్తాను. ఈ మధ్య అందరూ ఆపేసి హారతికి లేచినా నేను ఒక్కదాన్నే చదువుతూ ఉండేదాన్నట. వాళ్ళు చేతులు జోడించి ఎదురుచూసేవారు. ఒకావిడ అయితే, మీరు ఆ స్వామిలో లీనమైపోతారండీ అని నా కాళ్ళకు దండం పెట్టింది. నేను వద్దని అన్నాను, అన్నట్టు గుర్తు. చెవుడును భక్తి అనుకున్న కాలనీ, భూమ్మీద మాదొక్కటే అయి ఉంటుంది.

పూలామె మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది. ఒక మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో నిలబడి కోడల్ని పిలిచాను. ఆమె కూర తరుగుతూ తల కాస్త తిప్పింది. పెదవులు కదిలాయి. చప్పుడు రాలేదు.

ముందు వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయించుకున్నాను, అది కాలనీ వైద్యం. నూనె లోపల ఎక్కడో గుమ్మం దాకా వెళ్ళి, తలుపు తీసేవాళ్ళు లేక దిండు మీదికి తిరిగొచ్చింది. ఆ తర్వాత కోడలే నన్ను కొత్తపేటలో చెవి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

చెవులకు కమ్మలు ఉంటాయని తప్ప వాటి గురించి నాకేమీ తెలియదు. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది. బయటి దొప్ప గాలిలోని చప్పుడును పోగుచేసి సన్నని సొరంగంలోకి తోస్తుందట. సొరంగం చివర పల్చని చర్మం బిగించిన చిన్న డప్పు, అదే కర్ణభేరి. అది వణికితే దాని వెనక గొలుసులా ఉన్న మూడు ఎముకలు కదులుతాయి. సుత్తి, దాగలి, రికాబు. దాగలంటే కమ్మరి ఇనుము పెట్టి కొట్టే దిమ్మ, రికాబంటే గుర్రమెక్కేవాడు కాలు పెట్టే ఇనుప చట్రం. ఈ రికాబు బియ్యపుగింజంత కూడా ఉండదట. నా తలలో కమ్మరి కొలిమీ గుర్రపుశాలా పెట్టుకుని ఇన్నేళ్ళు తెలియకుండా బతికాను. రికాబు లోపలున్న నత్తగుల్లలాంటి ఎముక గూటి కిటికీని తడుతుంది. గుల్లలోని నీరు కదులుతుంది. ఆ నీళ్ళలో వెంట్రుకల్లాంటివి ఊగితే నరం ఆ కబురును మెదడుకు చేరవేస్తుంది. "ఒస్తున్న అత్తమ్మా" అన్న రెండు మాటలకు ఇంత ప్రయాణం.

నాకు రికాబు చుట్టూ కొత్త ఎముక పెరిగి అది కదలకుండా బిగుసుకుపోయిందట. రెండు కొమ్ముల శ్రుతిదండాన్ని, అదే ట్యూనింగ్ ఫోర్కును, మోగించి చెవి ముందు పెడితే వినపడలేదు, చెవి వెనక ఎముకకు ఆనిస్తే గుడిగంటలా మోగింది. అంటే గుల్లా నరమూ బాగున్నాయి, దారే మూసుకుపోయింది. నా గొంతు నాకు ఎముకల గుండా లోపలి నుంచే దివ్యంగా వినపడుతుంది. రద్దీలో జనం గొంతు పెంచుతారు. ఆ రద్దీ నాదాకా రాదు, పెంచిన గొంతు మాత్రం వస్తుంది. మెయిన్ రోడ్డు మహిమ అది. మిక్సీ మహిమా అదే.

ఎప్పటి నుంచి అని డాక్టరమ్మ అడిగితే నిన్నమొన్నటి నుంచే అన్నాను. పక్కగదిలో ఎవరో గోడకు డ్రిల్లు వేస్తున్నారు. ఆ మోతకు కోడలు గొంతు పెంచింది, అందుకే నాకు వినపడింది.

"రెండేండ్ల సంది మేడమ్. గట్టిగ పలికితే ఎదురు మాట్లాడుతున్నదంటరని మెల్లగనే పలికేదాన్ని. నా మీద కోపంతోని ఇననట్టు ఉంటరేమో అనుకున్న."

ఆ గదిలో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నత్తగుల్ల బొమ్మనే చూస్తూ కూర్చున్నాను.

ఆపరేషన్‌లో బిగిసిన రికాబును తీసి సూదిమొనంత పిస్టన్ పెట్టారు. నాలుగు రోజులు ఇల్లు గిర్రున తిరిగింది. వారం తర్వాత చెవిలోని గుడ్డ తీయగానే ముందు విన్నది కాగితం మడతపెట్టిన చప్పుడు. అంత చిన్న చప్పుడు కూడా నాకోసం దాచి ఉంచిన దేవుడికి అక్కడే దండం పెట్టాను. ఇంటికొచ్చి కోడల్ని పిలిచాను. వంటింట్లోంచి సన్నగా, అప్పుడే తోడుకున్న పెరుగంత మెత్తగా జవాబొచ్చింది. అవసరం లేకపోయినా ఇంకో రెండుసార్లు పిలిచాను. రెండుసార్లూ పలికింది.

అప్పుడు దగ్గర కూర్చోబెట్టుకుని, తప్పు నాదమ్మా, మనసులో పెట్టుకోకు, ఇక్కడే ఉండిపోండి అన్నాను. ఆమె జవాబివ్వలేదు. పెదవులు కదల్లేదు. ఈసారి నా చెవిలో ఏ లోపమూ లేదు.

చెప్పిన నెలకే ఎల్బీనగర్ మారారు. ఆదివారం కోడలు వస్తుంది, నా చెవిలో చుక్కలు వేస్తుంది, వెళ్తుంది. అత్తమ్మా అంటుంది గానీ, ఇంకో మాట కలపదు. నేను ఎవరెవరికి ఆ పిల్ల నోరు విప్పదని చెప్పానో వాళ్ళందరి గడపలకూ వెళ్ళి, ఆమె ప్రతిసారీ పలికిందని చెప్పి వచ్చాను. మంగళవారం హాల్లో కూడా చెప్పాను. కొందరికి నా భక్తి తగ్గినట్టనిపించింది, ఏం చేస్తాం.

నా చెవి కోసం ఎవరూ మొక్కుకోనక్కర్లేదు, అది బాగానే ఉంది. ఇది చదివినవారు దీపం పెట్టేటప్పుడు మా కోడల్ని ఒక్కసారి తలచుకోండి. ఆమె మనసు కుదుటపడాలని అడగండి. నా దగ్గరికి రావాలని మాత్రం అడగకండి, ఆ ఒక్కటి ఆయన్ని నేనే అడుక్కుంటాను.