‘ల’కు తలకట్టు

మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల నడుమ, ఎండకు కాగిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంటే వంగి చూసిన, క్యాసెట్ల కుప్ప. అండ్ల కమల క్యాసెట్ దొరికింది. పసుపుపచ్చ అట్ట, దాని మీద లావుగ, జర పక్కకు ఒరిగిన ఎర్ర అక్షరాలు మూడు. ఆ మూడో అక్షరం నెత్తి మీద ఉండకూడనిది ఒకటుంది. అది పెట్టింది నేనే.

తెలుగుల పాప్ పాటలు పాడేది కమల. ఆమె పాట మోగని గల్లీ అప్పట్ల నాంపల్లిల లేకుండె. క్యాసెట్ల మీద ఆమె పేరు ఎట్లుండాల్నో ఖరారు చేసింది మా నాయిన. అచ్చాఫీసుల దొరికే అక్షరాలు ఆ గొంతుకు సరిపోవని, ‘క’ నడుము వంచి, ‘మ’ తోకను సాగదీసి, ‘ల’ను గుండ్రంగ చుట్టి, చేత్తోటి రాసిండు. ఆ తర్వాత ప్రతి క్యాసెట్‌కు మళ్ల కొత్తగ నల్లసిరాతోటి రాసిచ్చేటోడు, అచ్చుల రంగు పడేది; అట్ట రంగు మారేది, ఫొటో మారేది గని ఆ మూడక్షరాల తీరు మారకపోయేది.

నాంపల్లి స్టేషన్ ఎనక ఒక్క అర్ర ఇంట్ల కిరాయికుండేటోళ్లం. డిసెంబర్ వస్తే అమ్మ క్రిస్మస్‌కు గులాబి పూలు, కజ్జికాయలు గోలిచ్చే నూనె వాసన, నాయిన నల్లసిరా వాసన ఒక్కటై మా స్వెటర్లకు పట్టేది, చర్చిల పక్కనోళ్లు తిరిగి తిరిగి చూసేటోళ్లు. నాయిన అక్షరం రాస్తుంటే ఊపిరి బిగబట్టేటోడు, మేం గూడ బిగబట్టాలె. తలకట్టు మాత్రం ఆఖరికి పెట్టేటోడు. బట్టలన్ని తొడిగినంకనే గద నెత్తికి రుమాలు చుట్టేది అనేటోడు.

ఈ పసుపుపచ్చ అట్ట రాసే యేడు ఆయన చెయ్యి వణకవట్టింది. చాయ తాగుతుంటే సాసర్ గలగలమనేది. పెన్సిలైతే మణికట్టును బల్లకు అదిమి ఎట్లనో గీసేటోడు, బ్రష్షును అట్ల అదిమితే అక్షరం పాడైపోతది. క్యాసెట్లు తీసే సేఠ్‌కు తెలిస్తే పని పాయె, పని పోతే మా పొయ్యి ఆరిపాయె. అందుకే తలుపు గొళ్లెం పెట్టుకొని, ఆయన గీసిన గీతల నడుమ సిరా నేను నింపేదాన్ని. నాకు పదేండ్లు, ఇంగ్లీషు మీడియం సదువు. చెయ్యి మంచిగుండె గని నా తెలుగు తెల్లారినట్టే ఉండె.

జనవరిల నాంపల్లి ఎగ్జిబిషన్‌కు కొత్త క్యాసెట్ రావాలె. నేను నింపినంక నాయిన కండ్లజోడు పెట్టుకొని చూసి, బాగుందని, గన్‌ఫౌండ్రీ అచ్చాఫీసుల ఇచ్చి రమ్మని జరసేపు ఒరిగిండు. పోయే ముంగట ఇంకోసారి చూసిన. ‘క’కు తలకట్టుంది, ‘మ’కు తలకట్టుంది, ‘ల’ మాత్రం ఉత్త నెత్తితోటి నిలబడ్డది. చర్చిల నెత్తి మీద కొంగు కప్పుకోని ఆడామెను చూసి అమ్మ ఎట్ల గుడ్లురుముతదో యాదికొచ్చింది. పాపం, చెయ్యి వణికి నాయిన మర్చిపోయిండు, లేపి చెప్తే బాధపడ్తడు అనుకున్న. పాత అట్ట తీసి చూడాలన్న సోయి లేకపాయె. బ్రష్షు ముంచి, ఊపిరి బిగబట్టి, ‘ల’కు తలకట్టు పెట్టిన. మస్తు సాఫ్‌గ వచ్చింది.

ఎగ్జిబిషన్‌ల సేఠ్ దుకాణం మీద అవే అక్షరాలు పెద్దగ చేసి బోర్డు కట్టిన్రు. ముందుగాల మొజంజాహీ మార్కెట్ల ఐస్‌క్రీం తినిపించి నాయిన నన్ను ఎంటబెట్టుకొని పోయిండు. కమల అక్కడనే ఉంది. నా నెత్తికి రుమాలెందుకు చుట్టిన్రు మాస్టర్ అని నవ్వింది, చుట్టున్నోళ్లంత నవ్విన్రు. నాయిన తలెత్తి బోర్డు చూసిండు, తర్వాత నా దిక్కు చూసిండు. అప్పుడు తెలిసింది నాకు.

సేఠ్ నవ్వలే. “ఎవరు రాసిన్రు మాస్టర్ గిది?”

“నేనే రాసిన సేఠ్,” అన్నడు నాయిన. “‘ల’కు తలకట్టు ఉండదని మర్చిపోయిన.”

పుట్టి బుద్ధెరిగిన కాడికెళ్లి అక్షరాలే రాసినోడు ఆ మాట అన్నడు. నా పేరు చెప్తే చెయ్యి సంగతి బయటపడ్తది, చెప్పకుంటే పరువు పోతది. పరువే ఇడిచిండు. అయినా పని దక్కలే. ఓనమాలు మర్చిన మాస్టరని అబిడ్స్‌ల పేరు పడ్డది, తర్వాతి క్యాసెట్‌కు సేఠ్ కంప్యూటర్ అక్షరాలు పెట్టించిండు. ఇంట్ల నాయిన నన్ను ఒక్క మాట అనలే. అంటే బాగుండు, రెండు దెబ్బలు కొట్టినా బాగుండు. మళ్ల బ్రష్షు ముట్టకుండనే నాలుగేండ్లకు దవాఖానల పోయిండు. రోగం తోటి పోయిండని అమ్మ అంటది. నేను నమ్మ.

ఇప్పుడు సేఠ్ దుకాణం లేదు, అచ్చాఫీసు జాగల ఏటీఎం ఉంది, చేత్తోటి పేరు రాసేటోడు అబిడ్స్ మొత్తం ఎతికినా దొరకడు. క్యాసెట్లు అమ్మేటాయన నా ఈడోడే. ఆయనకు అట్ట సూపిచ్చి, ఈ పేరుల ఏమన్న తప్పు కనిపిస్తుందా అన్నా అని అడిగిన. కండ్లజోడు పైకి తోసి, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివిండు.

“క, మ, ల. తప్పేడుందక్కా? బరాబరే ఉంది.”