తలపాగా బొమ్మ, దొర బొమ్మ

ఎక్సైజ్ సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా నా ఆఖరి పోస్టింగు కొల్లేటి అంచున, మండవల్లి వైపు. రిటైర్‌మెంటుకి ఇంకా ఏడు నెలలుంది. వర్షాలు అప్పుడే మొదలయ్యాయి. ఆ ఏడు ఒక పైదేశం మన రొయ్యల మీద సుంకం పెంచేసరికి చెరువు గట్టు మీద ధర పడిపోయింది. రైతులు మండిపడుతున్నారు.

మా సర్కిల్లో ఒక ఊళ్ళో వెంకటరాజు గారని పేరున్న రొయ్యల రైతు. మాట మెత్తన, పట్టు గట్టి. ఆయన ఊరివాళ్ళందర్నీ కూర్చోబెట్టి తీర్మానం చేయించారు. మన రొయ్య వాళ్ళకి అక్కర్లేనప్పుడు వాళ్ళ మందు మనకెందుకు, విదేశీ కంపెనీ సరుకు ఇకమీదట ఎవరూ ముట్టకూడదు అని.

ఆ ఊళ్ళో ఎక్కువగా పోయే విస్కీలు రెండు. పేర్లు నోరు తిరగనివి కాబట్టి జనం సీసా మీది బొమ్మను చెప్పి అడిగేవారు. ఒకదాని మీద టోపీ పెట్టుకున్న దొర, రెండోదాని మీద తలపాగా చుట్టిన మీసాలాయన. దొర పరాయివాడనీ తలపాగా మనవాడనీ చర్చ లేకుండానే తేలిపోయింది.

మూడు వారాలకి షాపు లైసెన్సుదారు నాగమణి గారు స్టేషనుకు వచ్చారు. షాపుల లైసెన్సులు లాటరీలో ఇస్తారు. భర్త పేరు ఎన్నిసార్లు వేసినా తగలకపోతే ఈవిడ పేరు వేశారు, తగిలింది. పేరు నాదైనప్పుడు కుర్చీ కూడా నాదేనని ఆవిడే షాపులో కూర్చుంటున్నారు.

“దొర బొమ్మ సీసాల కేసులు షాపులోంచి కదలట్లేదండి. తలపాగా తెచ్చింది తెచ్చినట్టు అయిపోతుంది. వెనక్కి ఇద్దామంటే డిపోలో తీసుకోరంటగదండి,” అన్నారు.

తీసుకోరు. సర్కారు మద్యం డిపో గేటు దాటిన సరుకు షాపువాళ్ళదే.

“అదీ కాకుండా ఆదివారం పొద్దున్న షాపు ముందు దొర బొమ్మ సీసాలు పగలగొడతారంటండి. మీరొచ్చి నిలబడాలండి.”

ఆ సాయంత్రమే వెంకటరాజు గారి మకాంకి వెళ్ళాను. ఆయన కాఫీ ఇప్పించి, కంగారు పడొద్దన్నారు. “దౌర్జన్యం ఏమీ లేదండి. సీసాలు మేం కొని మరీ పగలగొడతాం. మా సొమ్ము మేం పగలగొట్టుకుంటే కేసు ఏముంటుందండి?”

ఒక మనిషి దగ్గర ఇన్ని సీసాలకి మించి ఉండకూడదని నిబంధన ఉందన్నాను. ఊరంతా తలా రెండు పట్టుకుంటారన్నారు. కొన్నాక ఆ డబ్బు వెళ్ళేది ఆ కంపెనీకే కదా అన్నాను.

“అది ఆలోచించలేదండి,” అన్నారు.

“అసలు ఏది ఎవరిదో మీకు రూఢిగా తెలుసాండీ?”

“టోపీ చూస్తే తెలియట్లేదాండి?”

నాకూ అంతకుమించి తెలియదని అప్పుడే తట్టింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆ సీసాల మీది హోలోగ్రాములు తనిఖీ చేశాను గానీ యజమాని ఎవరని ఎప్పుడూ చూడలేదు. మా శాఖలో లేబుల్ రిజిస్ట్రేషను అని ఒకటుంది. ప్రతి కంపెనీ ఏటా తన సీసా మీది లేబుల్ నమోదు చేయించుకోవాలి. బ్రాండు ఎవరిది, ఎక్కడ నింపుతున్నారు, ఎవరి ఒప్పందం మీద నింపుతున్నారు అన్నీ ఆ ఫైల్లో ఉంటాయి. ఏలూరు వెళ్ళి సూపరింటెండెంటు గారి ఆఫీసులో ఆ వివరాలు రాసుకుని తెచ్చుకున్నాను.

ఆదివారం షాపు ముందు ఊరంతా ఉంది. నాగమణి గారు షట్టరు సగం దించి లోపల నిలబడ్డారు. నేను వివరాలు చదివాను. దొర బొమ్మ బ్రాండు మన దేశపు కుటుంబానిది, మొదటినుంచీ వాళ్ళదే. తలపాగా బ్రాండు పెట్టింది మనవాళ్ళే గానీ, చాలా ఏళ్ళ క్రితమే ఒక విదేశీ కంపెనీకి అమ్మేశారు. వాళ్ళు దాన్ని ఇంకో విదేశీ కంపెనీకి అమ్మారు.

వెంకటరాజు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“అంటే ఈ మూడు వారాలూ…”

“మూడు వారాలూ వాళ్ళ వ్యాపారమే పెంచారండి,” అన్నాను.

వెనకనుంచి ఒక ముసలి రైతు, ఆ సారాయి దేంతో కాస్తారండీ అని అడిగాడు. నూకలతో అన్నాను. ఎక్కడి నూకలని అడిగాడు. రెండు బ్రాండ్లూ నింపేది తాడేపల్లిగూడెం దగ్గర ఒకే ఫ్యాక్టరీలో, నూకలు మన చుట్టుపక్కల మిల్లులవేనని చెప్పాల్సివచ్చింది.

“ఆయ్, అయితే మన బియ్యమేగదండి. బొమ్మ ఎవడిదైతే ఏంటంట?” అన్నాడు.

వెంకటరాజు గారు ఒప్పుకోలేదు. లాభం ఎటు పోతుందన్నదే ముఖ్యమన్నారు. తలపాగా మానేద్దామంటే, మూడు వారాల్లో దానికి అలవాటుపడ్డవాళ్ళు నసిగారు. వెంకటరాజు గారి భార్య మాత్రం ఎదురింటి అరుగు మీదనుంచి, “ఇంత గొడవెందుకండీ, రెండూ మానేస్తే పోలా,” అన్నారు. ఆ మాటతో మగవాళ్ళందరికీ ఒక్కసారిగా ఐకమత్యం వచ్చింది. లోపల షట్టరు ఇంకో జానెడు కిందికి దిగింది.

గంటసేపు తర్జనభర్జన తరవాత తీర్మానం సవరించారు. విదేశీ మద్యం అంటే విదేశంలో సీసాలో నింపి ఓడలో వచ్చిన మద్యం మాత్రమే. దాన్ని ఊళ్ళో ఎవరూ ముట్టకూడదు. అటువంటి సీసా ఆ షాపులో ఎప్పుడూ లేదు, కొనే స్తోమతూ ఆ ఊళ్ళో ఇద్దరు ముగ్గురికి మించి లేదు. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. నాకు తెలిసి ఆ బహిష్కారం ఇప్పటికీ ఒక్కరూ తప్పకుండా అమలవుతోంది. దొర బొమ్మ కేసులు పది రోజుల్లో ఖాళీ అయ్యాయి.

సీసా పగల్లేదు, కేసు లేదు. మెప్పు వస్తుందనుకున్నాను. నెల తిరక్కుండా మెమో వచ్చింది. మద్యనిషేధం కూడా మా శాఖ పేరులోనే ఉంది. అటువంటి అధికారి బహిరంగంగా ఫలానా విస్కీ స్వదేశీ అని ప్రకటించడం మద్యానికి ప్రచారం చేయడం కాదా అని అందులో అడిగారు. నేను చదువుతుంటే ఎవరో సెల్‌ఫోన్లో తీసి పై ఆఫీసుకు పంపారట. నాలుగు నెలల్లో పెన్షను కాగితాలు కదలాలి. పెండింగులో మెమో ఉంటే అవి కదలవు. ఫైల్లో ఉన్నదే చదివానని సంజాయిషీ రాశాను. ఎవరడిగితే చదివారని మళ్ళీ అడిగారు. వెంకటరాజు గారి దగ్గరికి పరిగెత్తి, ముందే సమాచారం కోరినట్టు ఒక అర్జీ రాసివ్వమన్నాను. ఆయన సంతకం చేస్తూ, “ఈ పెన్ను ఏ దేశపు కంపెనీదో చూశారాండి?” అన్నారు. చూడలేదన్నాను, చూడబోవడం లేదని కూడా అన్నాను.

మెమో రిటైర్‌మెంటుకి పదకొండు రోజుల ముందు మూసేశారు.

నేర్చుకున్నది చిన్నదే. ఒక సరుకు ఎవరిదో బొమ్మ చెప్పదు, ఫైలు చెబుతుంది. ఆ ఫైలు నలుగురిలో చదివే ముందు, చదవమని ఎవరో ఒకరి చేత కాగితం మీద రాయించుకోవాలి.