ఆవిడ కట్టిన ఇంజను, నేను పోసిన నూనె

మొగుడూ పెళ్ళాలు కలిసి పచ్చడి పెట్టవచ్చు, పందిరి వేయవచ్చు, పక్కింటివాళ్ళతో పోట్లాడవచ్చు. కారు మాత్రం బాగుచేయకూడదు. ఒకవేళ చేసినా, ఇద్దరిలో పని తెలిసినవాళ్ళు ఎవరో ముందే తేల్చుకోవాలి. తేల్చుకున్నాక, ఆ రెండోవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవాలి. నేను కూర్చోలేదు. కూర్చుని ఉంటే అనంతగిరి లోయలో ఒక వాగుకు అమెరికా కారు దక్కేది కాదు.

డెబ్భైల చివర్లో నేను అరకులో సైన్సు మాస్టారిని. బోర్డు మీద ఇంజను బొమ్మ వేస్తే పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లే నా కొంప ముంచాయి. బొమ్మ వచ్చినవాడికి ఇంజను కూడా వచ్చేసినట్టేనని నాకొక గట్టి నమ్మకం.

మా ఆవిడ నూకరత్నానికి బొమ్మలు రావు. ఆవిడకు ఇంజను వచ్చు. సాలూరులో మా మామగారికి లారీల షెడ్డు ఉంది. రత్నం ఆ షెడ్డులోనే పాకింది, నడిచింది, పదేళ్ళకే కార్బురేటరు విప్పి బిగించింది. పెద్దమనిషి కాగానే మా మామగారు "ఆడగుంటకి షెడ్డులో ఏటి పని?" అని తలుపు వేసేశారు. పెళ్ళిలో అప్పగింతలప్పుడు అందరు తండ్రులూ కళ్ళు తుడుచుకుంటూ ఏదో చెబుతారు కదా, ఈయన నా చెయ్యి పట్టుకుని, "అల్లుడుగోరూ, మా గుంటకి స్పానరు మాత్రం ముట్టనియ్యకండి" అన్నారు.

నేను తల ఊపాను. అప్పట్లో నేను ఎవరు ఏమన్నా తల ఊపేవాణ్ణి.

ఆ కారు సంగతి చెప్పాలి. ఇనుప ఖనిజం మోసే రైలుదారి పనులకు వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు దాన్ని ఓడలో తెప్పించుకున్నాడట. రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్లు, పడవంత పొడుగు ముక్కు, స్టీరింగు ఎడమవైపు. ఘాట్ రోడ్డులో అది తాగే పెట్రోలుకు భయపడి కాఫీ తోటవాళ్ళకు వదిలేసి పోయాడు. తోట షెడ్డులో ఏళ్ళ తరబడి కోళ్ళు అందులో గుడ్లు పెట్టాయి. గింజలు ఆరబోయడానికి చోటు చాలక తోట మేనేజరు ఒకరోజు నాతో, "మాస్టారూ, తోసుకుపోతే మీదే" అన్నాడు.

రత్నం దాని ముక్కు ఎత్తి లోపలికి చూసింది. పెళ్ళయిన నాలుగేళ్ళలో నన్ను ఎన్నడూ అలా చూడలేదు.

"బతుకుద్దండీ ఇది," అంది.

"ఎలా చెప్పగలవు?"

"తుప్పు బయటే. గుండె బాగుంది."

పదకొండుమంది తోస్తే అది మా క్వార్టర్సు పెరట్లోకి వచ్చింది. ఆ తర్వాత ఏడాదిన్నర మా ఇల్లు ఇల్లు కాదు. పనసకొమ్మకు గొలుసు వేసి ఇంజను దించాం. ఇడ్లీ ప్లేట్ల గుంటల్లో స్క్రూలు, బియ్యం కడిగే గిన్నెలో కిరసనాయిలు, దాంట్లో పిస్టన్లు. ఇడ్లీలు మానేశాం. ఉప్మాలో ఒకసారి నాకు వాషరు తగిలింది, జీడిపప్పనుకుని నమిలాను కూడా. సాలూరులో పిస్టన్లకు రింగులు చేయించి మా అత్తగారు బెల్లం బుట్టలో అడుగున దాచి, తెలిసిన లారీవాళ్ళతో పంపేవారు. మామగారికి తెలియదు. కూతురికి ఎందుకింత బెల్లం అని మాత్రం ఆయన ఆశ్చర్యపోయేవారట.

నా పని ఏమిటంటారా? లాంతరు పట్టుకోవడం, పుస్తకం చదివి వినిపించడం. "రత్నం, ఈ పుస్తకంలో వాల్వు గురించి ఏం రాశారంటే..." అని నేను మొదలుపెట్టేసరికి ఆవిడ వాల్వు బిగించి చేతులు కడుక్కుంటూ ఉండేది.

ఒక ఆదివారం ఉదయం ఇంజను లేచింది. లోయంతా ఉరిమినట్టయింది. పనసచెట్టు మీది కాకులు ఆ వారమంతా తిరిగి రాలేదు. రత్నం మొహానికి మసి, కళ్ళలో నీళ్ళు. అప్పుడే ఆవిడ నన్ను ఒక్కటి అడిగింది. ఏడాదిన్నరలో అడిగింది అదొక్కటే.

"దసరాకి మా నాన్న షెడ్డులో ఆయుధపూజ. లార్లన్నీ వరసలో ఎడతారు. ఆ వరసలోకి దీన్ని నేను తోలుకెళ్ళి ఆపాల. మా నాన్న సూడాల. మాటియ్యండి."

"ఇచ్చాను."

తోట రోడ్డులో ఇద్దరం తోలడం నేర్చుకున్నాం. ఆవిడ రెండు వారాల్లో నేర్చింది. నేను రెండు వారాల్లో పనసచెట్టును రెండుసార్లు గుద్దాను.

ఇక నా ఘనకార్యాల వరస మొదలు. మనవిచేస్తున్నాను, జాగ్రత్తగా వినండి.

దసరా వారంలోకి వచ్చింది. ఎక్కడా దొరకని హ్యాండు బ్రేకు తీగ పక్కన పెడితే అన్నీ అయ్యాయి, బ్రేకు ఆయిలు తప్ప. తోలడం నేర్చుకున్నప్పటి పాత ఆయిలు రత్నం తీసేసింది. కొత్తది విశాఖ నుంచి రావాలి, రాలేదు. "రాకపోతే పండగ ఎల్లాక ఎల్దాం, ఏటయిపోద్ది?" అంది రత్నం. కానీ నేను అప్పటికే స్టాఫ్ రూములో హెడ్మాస్టారితో సహా అందరికీ ముహూర్తం చెప్పేశాను. అంతే కాదు, ఎవరో "కారు బాగుచేసింది ఎవరు మాస్టారూ?" అంటే నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వుకు అర్థం ఏమిటో మగవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఇంకొకరు "మరి అమ్మగారో?" అంటే, "పాపం, స్పానర్లు అందించేది" అన్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

పండగ రెండు రోజులుందనగా, రత్నం స్నానానికి వెళ్ళిన సమయం చూసి, ఇంట్లో మిగిలిన ఇంజను నూనె తీసి బ్రేకు డబ్బాలో పోశాను. నూనె నూనే కదా! సైన్సు మాస్టారి నోట రావలసిన మాటేనా అది? పెడలు తొక్కి చూశాను. గట్టిగా ఉంది, బ్రహ్మాండం.

రత్నం తల తుడుచుకుంటూ వచ్చింది. "ఏటి, బ్రేకు ఆయిలు వచ్చిందా?"

"వచ్చింది."

ఆవిడ నా మొహం చూసి సంతోషంగా నవ్వింది. నమ్మింది. ఖాళీ ఇంజను నూనె డబ్బాను నేను బొగ్గుల బస్తాలో దాచాను.

పండగనాడు పొద్దున్నే కారుకు బంతిపూల దండలు కట్టాం. రత్నం పసుపుపచ్చ చీర కట్టుకుని, కొంగు బిగించి, ఎడమ తలుపు తీయబోయింది. వీధిలో చూస్తే హెడ్మాస్టారు, తోట మేనేజరు, సగం స్కూలు. అందరి చూపూ నా మీదే. హెడ్మాస్టారు, "ఏమయ్యా, డ్రైవరు నువ్వే కదా?" అన్నారు.

ఆ ఒక్క క్షణంలో నేను, "కాదండీ, మా ఆవిడ" అని ఉంటే ఈ కథే లేదు. నేను రత్నం చెవిలో, "అందరూ చూస్తున్నారు. ఘాటు దిగాక నువ్వు తీసుకో, ఊళ్ళోకి నువ్వే తోలుకెళ్దువుగాని" అన్నాను.

ఆవిడ చెయ్యి తలుపు పిడి మీద కాసేపు అలాగే ఉంది. తర్వాత చుట్టూ తిరిగి వెళ్ళి కుడివైపు కూర్చుంది.

ఇక్కడొక చిత్రం జరిగింది. మన రోడ్ల మీద కుడివైపు కూర్చున్నవాళ్ళే డ్రైవరు. ఎడమవైపు స్టీరింగు సంగతి దారిలో సంతకు పోయేవాళ్ళకేం తెలుసు? కావిళ్ళు దింపి మరీ చూశారు. "సక్రం నేకుండానే తోల్తంది సూడే ఆయమ్మ!" అని ఒక ముసలమ్మ కేకపెట్టింది. నేను విరగబడి నవ్వాను. రత్నం నవ్వలేదు.

అనంతగిరి దాటి దిగుడు మొదలయింది. మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతున్నాను. నాలుగో మలుపుకు కారు బరువెక్కింది. ఆరో మలుపుకు ఎవరో వెనక నుంచి తోక పట్టుకుని లాగుతున్నట్టుంది. కాలిన రబ్బరు వాసన.

"బ్రేకు వదిలేయండి," అంది రత్నం.

"కాలు తీసేసి ఎంతసేపయిందో!"

కారు మూలిగి, నడిరోడ్డు మీద ఆగిపోయింది. నాలుగు చక్రాల నుంచీ పొగ. రత్నం దిగి, ముక్కు ఎత్తి, బ్రేకు డబ్బా మూత తీసింది. వేలు ముంచి వాసన చూసింది. ఆ వేలును చాలాసేపు చూసింది.

"ఇది బ్రేకు ఆయిలు కాదండీ."

"నూనె నూనేగా, రత్నం..."

"లోపల రబ్బరు ఉబ్బిపోద్ది. అందుకే పట్టేసింది." ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "వచ్చింది అని సెప్పారు కదా, నాతోటి?"

నేను కొండ వైపు చూశాను. కొండ చాలా బాగుంది.

"కింద నుంచి బస్సు వచ్చే టైము. నేను మలుపు కాడికి ఎల్లి ఆపుతాను. ఈలోగా సక్రాలకి రాళ్ళెట్టండి. హ్యాండు బ్రేకు తీగ కూడా నేదు దీనికి. నేనొచ్చిందాకా ఇంకేటీ ముట్టుకోకండి."

ఆవిడ వెళ్ళగానే నాకు పుస్తకం గుర్తొచ్చింది. చక్రం వెనక చిన్న స్క్రూ ఉంటుంది, అది వదులు చేస్తే లోపలి నూనె పోయి ఒత్తిడి తగ్గి బ్రేకులు వదులుతాయి. ఆవిడ వచ్చేసరికి బాగుచేసి పెడితే తప్పు సగమైనా మాఫీ అవుతుందనుకున్నాను. గేరు న్యూట్రల్‌లో పెట్టి, స్పానరుతో చక్రం పక్కన కూర్చున్నాను.

కొండచీపుర్ల మోపు మోసుకుంటూ వస్తున్న ఒక ముసలాయన ఆగి చూశాడు. "రాయెట్టనేదేటి బాబూ?"

"చక్రాలే తిరగడం లేదు తాతా, ఇంక రాయెందుకు?"

స్క్రూ తిప్పాను. నూనె చిమ్మి నా కళ్ళజోడు మీద పడింది. ఏమీ కనిపించడం లేదు. తుడుచుకుంటుంటే ముసలాయన ఎంతో నెమ్మదిగా, మర్యాదగా చెప్పాడు.

"బాబూ, బండెల్లిపోతంది."

పుస్తకం నిజమే చెప్పింది. నాలుగు చక్రాలూ హాయిగా వదిలాయి. ఇంజను చప్పుడు లేకుండా, బంతిపూలు ఊపుకుంటూ, నా కారు దిగుడులో పోతోంది. కింద మలుపు దగ్గర, రోడ్డు మధ్యలో రత్నం.

నేను పరుగెత్తాను. ఒక చేతిలో స్పానరు, ఒక చేతిలో కళ్ళజోడు. రత్నం తిరిగి చూసింది. పక్కకు తప్పుకుంటుందనుకున్నాను. తప్పుకోలేదు. కారుకు ఎదురు పరుగెత్తుకొచ్చింది, రెండు చేతులూ ఊపుతూ.

"దూకీయండి! దూకీయండీ! బేగి!"

నేను లోపల ఉన్నాననుకుంది. ఏడాదిన్నర కష్టం లోయ వైపు పోతుంటే ఆవిడ కారు కోసం అరవలేదు. నా కోసం అరిచింది. అబద్ధమాడినవాడి కోసం, మాట తప్పినవాడి కోసం.

పది గజాలు ఉందనగా కారు పక్కకు తిరిగి, అంచు రాళ్ళను పడగొట్టి, ఒక్క క్షణం గాలిలో నిలబడినట్టు నిలబడి, వెళ్ళిపోయింది. చప్పుడు చాలాసేపు వినిపించింది. తర్వాత వాగు చప్పుడు మాత్రమే మిగిలింది. రోడ్డంతా బంతిపూలు.

రత్నం నన్ను చూసింది. కారు వెనక పరుగెత్తుకొచ్చిన నన్ను, బతికి ఉన్న నన్ను, పైనుంచి కింది దాకా చూసింది. భుజం తడిమి చూసింది. చెయ్యి తడిమి చూసింది. ఆ చేతిలో స్పానరు చూసింది.

"బ్రేకులు వదిలినట్టున్నాయండీ," అంది.

అంతే. రోడ్డు పక్కన రాయి మీద కూర్చుంది.

లారీవాళ్ళ నోళ్ళు రైలు కన్నా వేగం. సాయంత్రానికి సాలూరంతా తెలిసింది. మర్నాడు మా మామగారు లారీలో వచ్చి, తాడు పట్టుకుని లోయలోకి దిగారు. నేను వెనక జారుకుంటూ దిగాను. రత్నం పైనే ఉండిపోయింది. కారు వాగులో వెల్లకిలా పడి ఉంది. ముక్కు ఊడి, ఇంజను బయటపడింది. మామగారు వంగి, తల తిప్పి, చేత్తో తడిమి, గంటసేపు దాన్ని చూశారు.

"ఈ ఇంజను కట్టినోడు ఎవుడు?"

స్టాఫ్ రూములో నవ్విన నవ్వు నాకు ఈసారి రాలేదు. "మీ అమ్మాయండీ. ప్రతి బోల్టూ తనే."

ఆయన ఒక బోల్టును బొటనవేలితో తుడిచారు. తర్వాత, "మరి బ్రేకుల్లో ఈ నూనె..." అని నా వైపు చూసి, "సరే, అది అడగక్కర్నేదులెండి" అన్నారు.

ఆయన ఆ ఇంజనును పైకి లాగించి సాలూరు పట్టుకుపోయారు. షెడ్డులో దిమ్మె మీద పెట్టి, వచ్చిన ప్రతి డ్రైవరుకూ "మా గుంట కట్టింది, సూడండి" అని చెప్పేవారట. మా అత్తగారు చెప్పారు. కూతురితో మాత్రం ఆ మాట ఆయన ఎన్నడూ అనలేదు. మళ్ళీ దసరా రాకుండానే పోయారు. లారీల వరసలోకి రత్నం తోలుకొచ్చి ఆపడం ఆయన చూడలేదు. చూడవలసిన రోజున ఆ సీట్లో నేను కూర్చున్నాను. దీనికి మాత్రం నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

రత్నం నన్ను తిట్టలేదు. ఎంత బతిమాలినా మళ్ళీ స్పానరు పట్టలేదు. నాకు ఆవిడ వేసిన శిక్ష అదేనేమో తెలియదు, శిక్షే అయితే చాలా పెద్దది.

అందుచేత పాఠకుల సాక్షిగా, స్నానం చేసి, తూర్పు తిరిగి ఇలా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై మా ఆవిడ "ఆగండి" అంటే ఊపిరి తప్ప అన్నీ ఆపుతాను. ఆవిడ చేసిన పనికి నేను నవ్వను. ఈ జన్మలో ఏ నూనె డబ్బా మూతా ఆవిడకు చెప్పకుండా తీయను.

ఇంతవరకు రాసి చదివి వినిపించాను. రత్నం అడిగింది.

"తలకి రాసుకునే నూనో?"

"అది కూడానా?"

"ముందు నాకు సూపించి రాసుకోండి."